కారుకూ పడవకూ కలిపి జీపీఎస్: మన సీమలో ఏది కొనాలి?

"అన్నా, కారులోనూ పనికిరావాలి, పడవలోనూ పనికిరావాలి. ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్లు మా కర్నూలులో ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. సముద్రం లేని చోట పడవేంటి అనుకోవడానికి లేదు. శ్రీశైలం బ్యాక్‌వాటర్ సంగమేశ్వరం, నెహ్రూనగర్, ముచ్చుమర్రి దాకా పరుచుకుని ఉంటుంది. కడపలో గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్ ఉన్నాయి. అనంతపురం వైపు పెన్నహోబిలం, చిత్రావతి రిజర్వాయర్లు ఉన్నాయి. చేపల వేటకు పోయేవాళ్లు, అవతలి ఒడ్డున చుట్టాలున్నవాళ్లు, ఫొటోల కోసం తిరిగేవాళ్లు అందరూ ముందు బండిలో ఒడ్డు దాకా పోయి, అక్కడి నుంచి పడవ ఎక్కాల్సినవాళ్లే. అందుకే రెండింటికీ ఒకటే వస్తువు ఉంటే బాగుండునని అనిపించడం సహజం.

నా సలహా ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌ని మించింది లేదు. నీళ్ల మీదికి మాత్రం బటన్లు ఉన్న చిన్న హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్, అంటే చేతిలో పట్టుకునేది, ఒకటి విడిగా కొనుక్కోండి. రెండూ కలిపి చేసే పెద్ద పరికరం సొంత మోటారు పడవ ఉండి, వారంవారం నీళ్ల మీదికి పోయేవాళ్లకే గిట్టుబాటు. ఎందుకో అర్థం కావాలంటే ముందు మన రిజర్వాయర్ల సంగతి చూడాలి.

మన నీళ్ల మీద మ్యాప్ పనిచేయదు

శ్రీశైలం రిజర్వాయర్ పూర్తి మట్టం 885 అడుగులు. వరద వచ్చినప్పుడు అక్కడి దాకా నిండుతుంది, ఎండాకాలానికి పదుల అడుగులు దిగిపోతుంది. సంగమేశ్వరం గుడి ఏటా నెలల తరబడి నీళ్లలో మునిగి, మట్టం తగ్గాక మళ్లీ బయటపడుతుంది కదా. గుడికే అలా జరుగుతుంటే ఒడ్డు సంగతి చెప్పక్కర్లేదు. మ్యాప్‌లో కనిపించే నీలం రంగు గీత ఏదో ఒక రోజు మట్టానికి గీసింది. మీరు వెళ్లిన రోజు అదే చోట లోతు నీళ్లుండవచ్చు, మోకాటి లోతు బురద ఉండవచ్చు, ముంపు గ్రామంలో మిగిలిన రాతిగోడ పడవ అడుగుకు జానెడు కింద ఉండవచ్చు. ఏ కంపెనీ మ్యాప్‌లోనూ ఆ గోడ కనిపించదు.

పడవల జీపీఎస్ అనగానే అమ్మేవాళ్లు మెరైన్ చార్టుల కార్డు కూడా అంటగడతారు. ఆ చార్టులు ముఖ్యంగా సముద్రానికి, రేవులకు, ఓడల దారులకు తయారైనవి. విశాఖలోనో కాకినాడలోనో ఉండి సముద్రం మీదికి పోయేవాళ్లకు అవి ప్రాణాధారం. మన బ్యాక్‌వాటర్ కోసం వాటి మీద డబ్బు పెట్టడం దండగ.

మరి ఇక్కడ జీపీఎస్ ఏం చేయాలి? మనం వచ్చిన దారిని గుర్తుపెట్టుకుని, అదే దారిలో వెనక్కి తీసుకురావాలి. దాన్నే ట్రాక్ అంటారు. పొద్దున వెలుతురులో, ఆ నీళ్లు తెలిసిన మనిషి పడవ నడుపుతుంటే పరికరం ఆ దారిని చుక్కలు చుక్కలుగా దాచుకుంటుంది. సాయంత్రం గాలి లేచినా, పొగమంచు కమ్మినా, చీకటి పడినా ఆ చుక్కల గీత మీదే వెనక్కి రావచ్చు. మన దగ్గర పడవలో జీపీఎస్ అసలు విలువ అక్కడే ఉంది. కాబట్టి కొనేటప్పుడు "మ్యాప్ ఎంత బాగుంది" అని కాకుండా "ట్రాక్ ఎంత నమ్మకంగా రాసుకుంటుంది, ఎండలో తడి చేతులతో దాన్ని ఎంత తేలిగ్గా చూడగలను" అని అడగాలి.

ట్రాక్‌కి పేరు పెట్టేటప్పుడు ఆ రోజు మట్టం కూడా రాసి పెట్టుకోండి. శ్రీశైలం మట్టం పేపర్లో వస్తూనే ఉంటుంది. "సంగమేశ్వరం 870" అని పేరుంటే, నీళ్లు 870 అడుగుల దగ్గర ఉన్నప్పుడు ఆ దారిలో పడవ తగలకుండా పోయిందని అర్థం. మట్టం అంతకన్నా పైన ఉంటే ఆ ట్రాక్‌ను నమ్మవచ్చు. 850కి దిగిందంటే ఆ ట్రాక్ పక్కన పెట్టి, తెలిసినవాళ్లతో మళ్లీ కొత్తగా రాయించుకోవాలి. మొద్దు తగిలిన చోట, గోడ కనబడిన చోట అప్పటికప్పుడు ఒక పాయింట్ పెట్టి "మొద్దు 852" అని రాసుకుంటూ పోతే, రెండు మూడేళ్లలో మీ చేతిలో ఉండే మ్యాప్ ఏ దుకాణంలోనూ దొరకనిది అవుతుంది.

ఫోన్

టవర్ లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సిగ్నల్ పంపుతుంటాయి, ఫోన్ దాన్ని వినడం వరకే. సిమ్ తీసేసినా మీరెక్కడున్నారో తెలుస్తుంది. టవర్ పోతే ఆగిపోయేది మ్యాప్ డౌన్‌లోడ్. కాబట్టి ఆత్మకూరు దాటి నల్లమల రోడ్డు ఎక్కేలోపే, లేదా ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతమంతా ఆఫ్‌లైన్‌లో దించుకోవాలి. రోడ్డుకు గూగుల్ మ్యాప్స్ సరిపోతుంది. నీళ్ల మీద ట్రాక్ రాయడానికి ఓఎస్ఎమ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి, నెట్ లేకుండానే పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ ఆపేయండి. లేదంటే స్క్రీన్ ఆరిన కాసేపటికి ఫోనే యాప్‌ను మూసేస్తుంది, ట్రాక్ సగంలో తెగిపోతుంది. ఆ సంగతి తిరిగొచ్చేటప్పుడు గానీ తెలియదు.

రోడ్డు మీద ఫోన్‌కి తిరుగులేదు. జాతీయ రహదారి 44 మీద డోన్, గుత్తి, అనంతపురం పోయినా, 40 మీద నంద్యాల, మైదుకూరు మీదుగా కడప పోయినా ట్రాఫిక్‌తో సహా చూపిస్తుంది. పెద్ద రోడ్డు దిగి రిజర్వాయర్ ఒడ్డుకు పోయే చివరి నాలుగైదు కిలోమీటర్లలో మాత్రం దాని మాట గుడ్డిగా వినకండి. దగ్గరి దారి అని నల్లరేగడి చేల మధ్య బండి బాటలోకి పంపిస్తుంది. వాన పడిన మర్నాడు ఆ బాటలో దిగిన కారు ట్రాక్టర్ వస్తే తప్ప బయటికి రాదు. అక్కడ ఊళ్లో ఒకరిని అడగడమే మంచిది.

ఇక ఎండ. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని దాన్ని చేసిన కంపెనీయే చెబుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 42 దాటుతుంది. అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి, వెలుతురు పూర్తిగా పెంచి, జీపీఎస్ నడుపుతూ చార్జింగ్ కూడా పెడితే ఏమవుతుందో చూడండి. ముందు స్క్రీన్ మసకబారుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, ఆ తర్వాత వేడెక్కిందని హెచ్చరిక వచ్చి మ్యాపే మాయమవుతుంది. కారులో దీనికి మందు ఉంది. అద్దానికి అతికించే స్టాండ్ బదులు ఏసీ గాలి వచ్చే చోట తగిలించే స్టాండ్ కొనండి, ఫోన్ చల్లగా ఉంటుంది. పడవలో ఏసీ ఉండదు. పైగా నీళ్ల మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది, స్క్రీన్ సరిగా కనపడదు. చేతులు తడిగా ఉంటే టచ్ ఒక చోట నొక్కితే ఇంకో చోట పడుతుంది. మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్‌తో కొంత నెట్టుకురావచ్చు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో టూరిజం బోటు ఎక్కేవాళ్లకు అది చాలు, వేరే ఏదీ కొనొద్దు.

కారు జీపీఎస్‌ను పడవలో పెడితే

దుకాణానికి పోయి జీపీఎస్ కావాలంటే చాలాచోట్ల ముందు చూపించేది ట్రాకర్. అది బండి ఎక్కడుందో యజమానికి ఫోన్‌లో చూపించే డబ్బా, సిమ్ వేస్తేనే పనిచేస్తుంది. దారి చూపించదు. మనకు కావాల్సింది అది కాదు.

దారి చూపే కారు నావిగేటర్లు, ఆండ్రాయిడ్ స్టీరియోలు రోడ్డు కోసమే పుట్టాయి. బండి ఎప్పుడూ ఏదో ఒక రోడ్డు మీదే ఉంటుందని వాటి నమ్మకం. రోడ్డుకు పది మీటర్లు పక్కన ఉన్నా మిమ్మల్ని లాక్కెళ్లి రోడ్డు మీదే చూపిస్తాయి. ఆ గుణం కారులో మంచిది, పడవలో ప్రమాదం. నీళ్ల మధ్యలో ఉన్నప్పుడు దారి మళ్లీ మళ్లీ లెక్కేస్తూ కూర్చుంటాయి. మ్యాప్ పాతదైతే ఇంకా తికమక. గండికోటలో నీళ్లు నిలబెట్టాక 2020లో తాళ్ల ప్రొద్దుటూరు ఖాళీ అయింది. అంతకుముందు చేసిన మ్యాప్‌లో ఆ ఊరి వీధులు అలాగే ఉంటాయి, కారులో ఉన్నవాళ్లను నేరుగా నీళ్ల ఒడ్డుకు తీసుకెళ్తాయి. వీటిలో ఎక్కువ భాగం నీళ్లు తగిలితే పాడైపోతాయి, సాకెట్ నుంచి కరెంటు లేకపోతే ఎక్కువసేపు నిలవవు కూడా. మీ దగ్గర ఇప్పటికే ఉంటే కారులో వాడుకోండి. రెండింటికీ అని కొత్తగా కొనకండి.

హ్యాండ్‌హెల్డ్

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్‌నే ఉదాహరణగా తీసుకోండి. 2.2 అంగుళాల చిన్న తెర, పక్కన బటన్లు, వెనక రెండు మామూలు పెన్సిల్ సెల్స్. కంపెనీ లెక్క ప్రకారం ఒక జత సెల్స్‌తో 25 గంటలు నడుస్తుంది. ఐపీఎక్స్ 7 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. వీటి తెర ఫోన్ తెర లాంటిది కాదు. ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనబడుతుంది, లోపలి లైటు ఆపేసినా మిట్టమధ్యాహ్నం చదవొచ్చు. తడి చేత్తో, గుడ్డ చుట్టుకున్న చేత్తో కూడా బటన్ నొక్కవచ్చు.

సెల్స్ దగ్గర మాత్రం పొదుపు చూడకండి. గోడ గడియారానికి వేసే చవక సెల్స్ వేస్తే కొద్ది గంటల్లోనే పడిపోతాయి. ఆల్కలైన్ వేయండి, లేదా చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ రెండు జతలు కొని ఒకటి జేబులో ఉంచుకోండి. ఏ రకం వేశారో సెట్టింగ్స్‌లో చెప్పాలి. చెప్పకపోతే ఎంత చార్జ్ మిగిలిందో తప్పు చూపిస్తుంది. పనిలేని నెలల్లో సెల్స్ తీసి పెట్టండి.

దీనికీ లోపాలున్నాయి. కారు నడుపుతూ ఆ చిన్న తెర చూడటం కుదరని పని, మాట కూడా పలకదు. ఒడ్డున కారు పెట్టిన చోట ఒక పాయింట్ పెట్టుకోవడం, అడవి దారిలో వెనక్కి రావడం వరకు బండి ప్రయాణంలో దీని సాయం. ఇంకొకటి, ఇది నీళ్లలో పడితే మునుగుతుంది. తాడుతో పడవకో లైఫ్ జాకెట్‌కో కట్టే ఉంచాలి. తేలే రకం కావాలంటే అదే కంపెనీ జీపీఎస్‌మ్యాప్ 79ఎస్ ఉంది, పడవల కోసమే చేసింది, ధర బాగా ఎక్కువ. పుట్టిలో తిరిగేవాళ్లకు ఆ తేలే గుణం నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే పుట్టిలో ఏ వస్తువూ ఒక చోట నిలవదు.

గండికోట లోయలో ఎక్కువగా తిరిగేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. పెన్న రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు. ఆకాశం సన్నని పట్టీలా కనబడుతుంది, ఉపగ్రహ సిగ్నల్ గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. అప్పుడు మామూలు జీపీఎస్ మీరు గోడ లోపల ఉన్నట్టు కూడా చూపిస్తుంది. ఉపగ్రహాలు పంపే మామూలు ఎల్1 సిగ్నల్‌తో పాటు ఎల్5 అనే రెండో పౌనఃపున్యం కూడా వినే పరికరాలు ఇలాంటి చోట మెరుగు. హ్యాండ్‌హెల్డ్‌లలో జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ అలాంటిది. కొన్ని కొత్త ఫోన్లలోనూ ఇది ఉంటుంది. శ్రీశైలం బ్యాక్‌వాటర్ లాంటి వెడల్పు నీళ్ల మీద మాత్రం దీనికోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు, అక్కడ ఆకాశమంతా తెరిచే ఉంటుంది. మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ లేదని కూడా ఏ పరికరాన్నీ వదులుకోకండి. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో అందితే మన పనికి చాలు.

రెండూ ఒకదాంట్లోనే కావాలంటే

అలాంటివి లేకపోలేదు. గార్మిన్ మోటార్‌సైకిల్ కోసం చేసిన జూమో ఎక్స్‌టీకి 5.5 అంగుళాల మెరిసే తెర ఉంది, మలుపు మలుపుకీ దారి చూపిస్తుంది, వానకు తట్టుకుంటుంది. బ్యాటరీ మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా రాదు. నా మొగ్గు అదే కంపెనీ మోంటానా 700 వైపు. 5 అంగుళాల తెర, ఐపీఎక్స్ 7, కంపెనీ లెక్కలో 18 గంటల బ్యాటరీ. కారుకొక ప్రొఫైల్ (సెట్టింగుల కట్ట), పడవకొక ప్రొఫైల్ పెట్టుకుని ఒడ్డున మార్చుకోవచ్చు. బరువు దాదాపు 400 గ్రాములు, జేబులో ఇమిడేది కాదు. టచ్ తెర కాబట్టి తడి చేతుల ఇబ్బంది కొంత ఉంటుంది. ఆ ధరకు ఒక మంచి ఫోనూ, ఒక ఈట్రెక్స్ రెండూ వచ్చేస్తాయి. రెండు వేర్వేరు పరికరాలుంటే ఒకటి పాడైనా ఇంకొకటి ఇంటికి చేరుస్తుంది. నీళ్ల మీద నాకు అదే పెద్ద ధైర్యం.

సొంత మోటారు పడవ ఉన్నవాళ్లకు మాత్రం వేరే సలహా. మోంటానాకు పెట్టే డబ్బుతో జీపీఎస్ ఉన్న ఫిష్‌ఫైండర్ (నీళ్ల కింద చేపలనూ లోతునూ చూపే పరికరం) గురించి ఆలోచించండి. గార్మిన్ స్ట్రైకర్ వరుసలో మ్యాప్ ఉండదు, కానీ పాయింట్లు, ట్రాక్ ఉంటాయి, కింద లోతు ఎంతో చూపిస్తుంది. స్ట్రైకర్ ప్లస్ రకాల్లో అయితే మీరు తిరిగిన మేర లోతుల మ్యాప్ అదే గీసుకుంటుంది. మట్టం మారుతూ ఉండే మన రిజర్వాయర్లలో ఇంతకన్నా విలువైన సమాచారం లేదు. దానికి 12 వోల్టుల బ్యాటరీ, మధ్యలో ఫ్యూజు, పడవ వెనక బిగించే ట్రాన్స్‌డ్యూసర్ (నీళ్లలోకి శబ్దం పంపి లోతు కొలిచే భాగం) కావాలి, కాబట్టి కారులోకి రాదు, పుట్టికి కుదరదు. ఇది చూపించేది పడవ కింద ఉన్న లోతును, ముందున్న రాయిని కాదు. లోతు అంకె తగ్గడం మొదలవగానే మోటారు వేగం తగ్గించాలి.

అమెరికా నుంచి తెప్పించేవాళ్లకు

మన ఇళ్లలో చాలామందికి అక్కడ ఎవరో ఒకరు ఉన్నారు. "వచ్చేటప్పుడు ఒకటి తెస్తా" అంటారు. మోడల్ పేరు చివర ఐ అక్షరం ఉందేమో ముందు అడగండి. మోంటానా 700ఐ, జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ లాంటి వాటిలో ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసేజ్ సౌకర్యం ఉంటుంది. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసెంజర్లు దగ్గర ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో వీటితో దొరికిన ప్రయాణికుల మీద కేసులు పెట్టారు. కొడుకో కూతురో ప్రేమగా తెచ్చిన వస్తువుతో అంత టెన్షన్ పడటం ఎందుకు? ఐ లేని మోడల్ తెమ్మనండి.

అక్కడ అమ్మే వాటిలో ఉత్తర అమెరికా మ్యాప్ ఉంటుంది, మన ఊరు తెల్లగా కనిపిస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్‌కు సరిపడేలా తయారు చేసిన ఇండియా మ్యాప్ ఉచితంగా దొరుకుతుంది, మెమరీ కార్డులో వేసుకోవచ్చు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మేడ మీద ఆకాశం కనబడే చోట పావుగంట కదపకుండా పెట్టండి. అంత దూరం మారిన పరికరం ఉపగ్రహాలను మళ్లీ వెతుక్కోవాలి, వాటి పూర్తి పట్టిక దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది.

తర్వాత మూడు సెట్టింగులు మార్చాలి. వేగం నాట్లలో ఉంటే కిలోమీటర్లకు మార్చండి, ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. పడవ ప్రొఫైల్‌లో రోడ్డుకు అతుక్కునే లాక్ ఆన్ రోడ్ ఆపేయండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, అక్షాంశ రేఖాంశాలు రాసే పద్ధతి. ఫోన్ మ్యాప్‌లో 15.50 అని దశాంశాల్లో ఉంటుంది. ఈ పరికరాలు మొదట 15 డిగ్రీల 50 నిమిషాలు అన్న తీరులో ఉంటాయి. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. 15.50 అంటే 15 డిగ్రీల 30 నిమిషాలు. తేడా 20 నిమిషాలు, నేల మీద 37 కిలోమీటర్లు. అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా ఫోన్‌లో మీకు ఒక పాయింట్ చదివి చెబితే, లేదా ఆపదలో మీరున్న చోటు మీరే చెప్పాల్సి వస్తే, ఈ తేడాతో వెతికేవాళ్లు ఇంకో మండలానికి పోతారు. ఫోన్‌లోనూ పరికరంలోనూ దశాంశ పద్ధతే పెట్టి, ఇంటి ముందు నిలబడి రెండింటి అంకెలు కలుస్తున్నాయో లేదో ఒకసారి సరిచూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే వెనక మూత తీసి చూడండి. సెల్స్ తగిలే ఇత్తడి రేకుల మీద పచ్చని చిలుము ఉంటే వద్దనేయండి. యూఎస్‌బీ రంధ్రాన్ని మూసే రబ్బరు పగిలినా, సాగిపోయినా నీళ్లు లోపలికి పోతాయి, రేటింగ్ ఏదున్నా లాభం లేదు. ఆన్ చేసి, బయటికి తెచ్చి, ఉపగ్రహాల పేజీ తెరిచి సిగ్నల్ గీతలు నిండేదాకా ఆగండి. వీధి చివరి దాకా నడిచి, ట్రాక్ రాసుకుందో లేదో చూసి, అదే ట్రాక్‌లో వెనక్కి వచ్చాకే డబ్బులివ్వండి.